తొలకరికి ముందే ఇంటి పగుళ్లు పూడ్చుకోండి

ఖరీఫ్ పనుల హడావుడి మొదలైతే రైతుకు ఇంటి వంక చూసే తీరిక ఉండదు. దుక్కులు, ఎరువు తోలడం, విత్తనకాయలు ఒలిపించడం, అప్పు కోసం తిరగడం, వీటితోనే సరిపోతుంది. మిద్దె మీది పగులు, కిటికీ పక్క సందు, గోడలోని బీట పోయినేడు ఉన్నట్టే ఉంటాయి. తీరా నాలుగు చినుకులు పడ్డాక చూస్తే మూలన పేర్చిన వేరుశెనగ మూటల అడుగున చెమ్మ తేలి ఉంటుంది.

కాయలు తడిస్తే బూజు పడతాయి, మొలక శాతం పడిపోతుంది. బూజు పట్టిన కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అలాంటి కాయలు తినడానికీ పనికిరావు, పశువులకు పెట్టడానికీ పనికిరావు. విత్తనపు వేరుశెనగలో తేమ 9 శాతం మించరాదని లెక్క. ఎంత బాగా ఎండబెట్టినా, గోడలోంచి చెమ్మ వచ్చే గదిలో పెడితే ఆ ఎండబెట్టిన కష్టం వృథా. ఎకరా, రెండెకరాల రైతుకు విత్తనం పోతే మళ్లీ కొనడానికి చేతిలో డబ్బు ఉండదు. సందులు పూడ్చడం ఇంటి సోకు కోసం చేసే పని కాదు, అది కూడా సేద్యంలో భాగమే.

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో వాన తక్కువే. ఉమ్మడి అనంతపురం జిల్లా సాలు మొత్తం సగటు వర్షపాతం 552 మిల్లీమీటర్లు. కానీ పడినప్పుడు ఒక్కసారిగా పడుతుంది. 2021 నవంబరులో సీమను ముంచెత్తిన వానలు ఎవరూ మరిచిపోలేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో మాడి, నాలుగు రోజులు ముసురులో నానే ఇల్లు మనది. అందుకే ఇక్కడ పగుళ్లు ఎక్కువ, వాటిని పూడ్చే పద్ధతి కూడా తెలిసి చేయాలి.

ముందు పగులును గుర్తు పట్టాలి

మనం సాధారణంగా చేసే పని ఏమిటంటే, పగులు కనపడగానే కాస్త సిమెంటు పాలు కలిపి పూసేస్తాం. వచ్చే ఎండాకాలానికి అదే చోట మళ్లీ పగులుతుంది. సిమెంటు మంచిది కాదని అనుకుంటాం. తప్పు సిమెంటుది కాదు, చోటు ఎంచుకోవడంలో ఉంది.

పగుళ్లు రెండు రకాలు. ఒకటి కదలని పగులు, రెండోది కదిలే పగులు. గోడ పూతలో వెంట్రుక లాగా కనిపించే సన్న గీతలు పూత ఆరేటప్పుడు ఏర్పడినవి. అవి ఒకసారి వచ్చి ఆగిపోతాయి. వీటికి గట్టిపడే సరుకు ఏదైనా సరిపోతుంది. సున్నం, సిమెంటు, తెల్ల సిమెంటు, గోడ పుట్టీ ఏదైనా వాడుకోవచ్చు.

కదిలే పగులు అలా కాదు. స్లాబు ఎండకు సాగుతుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. 30 అడుగుల స్లాబు 30 డిగ్రీల వేడి తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. కంటికి తెలియదు కానీ రోజూ జరిగే పని ఇది. స్లాబు గోడ మీద కూర్చునే చోట అడ్డంగా వచ్చే పగులు, బండల మధ్య అతుకు, చెక్క ద్వారబంధానికీ గోడకూ మధ్య సందు, పాత గోడకూ కొత్త గోడకూ మధ్య బీట ఇవన్నీ కదిలేవే. వీటిలో గట్టిపడే సిమెంటు పెడితే ఒక పక్కన ఊడి తీరుతుంది. ఇక్కడ రబ్బరులా సాగే సరుకు కావాలి.

పగులు కదులుతోందో లేదో తెలుసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన తేదీ రాయండి. నెల తర్వాత, ఒక మంచి వాన తర్వాత చూడండి. పగులు గీత దాటి పోతే అది పెరుగుతున్నట్టు లెక్క. మేస్త్రీలు ఇంకో పద్ధతి వాడతారు. పగులుకు అడ్డంగా సన్నని గాజు పలక ముక్కను రెండు వైపులా సిమెంటుతో అతికిస్తారు. గాజు విరిగితే గోడ కదులుతోందన్న మాట.

పూడ్చి ఊరుకోకూడని పగుళ్లు

కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా, ఏటవాలుగా దిగే పగులు చాలాసార్లు పునాది కుంగడం వల్ల వస్తుంది. నల్లరేగడి నేలల్లో ఇది ఎక్కువ. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పొలంలో నెర్రెలు పడినట్టే ఇంటి కిందా పడతాయి. ఈ పగులు వేలు దూరేంత వెడల్పు ఉన్నా, గోడ ఒక పక్కకు వాలినట్టు కనిపించినా ఏ ట్యూబూ పనికిరాదు. అనుభవమున్న మేస్త్రీని, వీలైతే ఇంజినీరును పిలిచి చూపించాలి. ముసురు పట్టిన రోజుల్లో అలాంటి గోడ పక్కన పడుకోవద్దు.

స్లాబు కింద కమ్మీ వెంట నిలువుగా పగిలి తుప్పు మరక కనపడితే లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతోందని అర్థం. పైన పుట్టీ పూస్తే మరక కనపడదు కానీ తుప్పు ఆగదు. ఆ భాగం కొట్టించి, కమ్మీ శుభ్రం చేయించి, తిరిగి కట్టించుకోవాలి. ద్వారబంధం పక్కన మట్టి గొట్టాలు కనిపిస్తే అది చెద. ముందు చెదకు మందు పెట్టి, తర్వాతే సందు మూయాలి. లేకపోతే లోపల తింటూనే ఉంటుంది.

మట్టి మిద్దెకు చవుడే మందు

మన పెద్దవాళ్లు తొలకరికి ముందు మిద్దె మీదికి చవుడు తోలించేవాళ్లు. అది ఊరికే వచ్చిన ఆచారం కాదు. చవుడు పొలంలో నీళ్లు ఇంకక పైనే నిలుస్తాయని రైతుకు తెలుసు. ఆ మట్టిలో సోడియం లవణం ఎక్కువ. తడి తగలగానే మట్టి రేణువులు విడిపోయి, ఉబ్బి, సన్న రంధ్రాలను మూసేస్తాయి. పొలానికి కీడు చేసే గుణమే మిద్దెకు మేలు చేస్తుంది.

చవుడు వేసే ముందు మిద్దె మీద మొలిచిన గడ్డి, మొక్కలు వేళ్లతో సహా తీసేయాలి. వేరు వెళ్లిన దారే నీటికి దారి. బీటలు ఉన్నచోట గడ్డపార మొనతో కాస్త వెడల్పు చేసి, తడి చవుడు కూరి దిమ్మిస కొట్టాలి. తర్వాత మిద్దె అంతటా పలుచగా పరిచి, నీళ్లు దోనె వైపు జారేలా వాలు సరిచేయాలి. దోనె మూతిలో అడ్డం పడిన చెత్త తీయాలి. గోడకూ దోనెకూ మధ్య సందు ఉంటే నీళ్లు గోడలోకి దిగి గోడ మొదలంటా నానుతుంది. ఈ సందు మాత్రం సున్నం లేదా సిమెంటుతో గట్టిగా మూయాలి.

ఒక జాగ్రత్త. ఏటేటా పాత మట్టి తీయకుండా కొత్త మట్టి పోస్తూ పోవద్దు. 100 చదరపు అడుగుల మిద్దె మీద ఒక అంగుళం మందం మట్టి అంటే ఎండుగా ఉన్నప్పుడే నాలుగు క్వింటాళ్ల దాకా బరువు. తడిస్తే ఇంకా పెరుగుతుంది. దూలాలు, దంతెలు పుచ్చి ఉంటే ఆ బరువు మోయలేవు. చవుడు వేసే ముందు కింది నుంచి ప్రతి దూలాన్నీ ఉలితో పొడిచి చూడాలి. ఉలి సులువుగా దిగితే ముందు దూలం మార్చాలి.

బండల మిద్దె అతుకులు

తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండలు పరిచిన మిద్దెలు చాలా ఉన్నాయి. బండ కారదు, అతుకే కారుతుంది. పాత ఇళ్లలో ఈ అతుకులు డంగు సున్నంతో నింపారు. గానుగలో బాగా నూరిన సున్నం సిమెంటు కన్నా నెమ్మదిగా గట్టిపడుతుంది, చిన్న కదలికను ఓర్చుకుంటుంది. పాత సున్నం గట్టిగా ఉన్నచోట దాన్ని కదిలించొద్దు. గుల్లబారి పొడి రాలుతున్న చోట మాత్రమే తీయాలి.

ఉలితో అతుకులోని పొడి సరుకును అంగుళం లోతు దాకా తీసి, ఇనుప బ్రష్షుతో రుద్ది, దుమ్ము ఊడ్చాలి. ఇక్కడ తడి చేసి సున్నం గారగానీ, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు సన్న ఇసుక కలిపిన మాలుగానీ కూరాలి. అయితే పైదాకా నింపకుండా పావు అంగుళం ఖాళీ వదలాలి. సిమెంటు వాడితే వారం రోజులు తడుపుతూ ఉండాలి. పూర్తిగా ఆరాక ఆ పావు అంగుళంలో సాగే సీలెంట్ నింపాలి. కింద గట్టి సరుకు ఆధారం ఇస్తుంది, పైన సాగే సరుకు నీళ్లను ఆపుతుంది.

ఖర్చు తగ్గుతుందని కొందరు అతుకుల్లో కాచిన తారులో ఇసుక కలిపి పోస్తారు. అది కొన్నేళ్లు ఆపుతుంది కానీ మన ఎండలకు మెత్తబడి జారుతుంది, తర్వాత పెళుసెక్కి పగులుతుంది. పైగా కాచిన తారు ఒంటి మీద పడితే చర్మం ఊడొస్తుంది. చేసేవాళ్లు ఒళ్లు నిండా బట్టలు, చేతికి తొడుగులు వేసుకోవాలి. తారు అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మట్టి కప్పి గాలి ఆడకుండా చేసి ఆర్పాలి.

స్లాబు, రేకులు

స్లాబు కారుతుంటే కింద మరక ఉన్న చోటే పగులు ఉందని అనుకోవద్దు. నీళ్లు పైన ఒకచోట దిగి, లోపల ప్రయాణం చేసి ఇంకోచోట కారతాయి. పైకెక్కి మరకకు ఎగువ వైపు వెతకాలి. పిట్టగోడకూ స్లాబుకూ కలిసే మూల, నీటి గొట్టం చుట్టూ, ట్యాంకు దిమ్మె చుట్టూ ముందు చూడాలి. చాలా ఇళ్లలో దొంగ ఈ మూడు చోట్లలోనే ఉంటాడు.

స్లాబు పై పగులును ఉలితో 'వి' ఆకారంలో పావు అంగుళం వెడల్పు చేసి, దుమ్ము తీసి, సాగే సీలెంట్ నింపాలి. పైపైన పూస్తే నిలవదు. పని అయి పూర్తిగా ఆరాక నీళ్లు నిలబెట్టి పరీక్ష చేయవచ్చు. గొట్టం మూసి, ఒక అంగుళం నీళ్లు 24 గంటలు నిలబెట్టి కింద చూడాలి. ఈ పరీక్ష సిమెంటు స్లాబుకే. మట్టి మిద్దె మీద, పాత బండల మిద్దె మీద నీళ్లు నిలబెట్టరాదు. బండల మిద్దె మీద బిందెతో అతుకు అతుకుకూ నీళ్లు పోసి చూస్తే చాలు.

రేకుల ఇంట్లో రేకు కన్నా బోల్టు రంధ్రమే ఎక్కువ కారుతుంది. బోల్టు కింద తారు వాషరు ఎండి రాలిపోయి ఉంటుంది. వాషరు మార్చి, బోల్టు చుట్టూ సీలెంట్ వేస్తే సరిపోతుంది. సిమెంటు రేకులు చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని ఆకురాయితో రుద్దడం, పొడిగా కోయడం చేయొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచి పని చేసుకోవాలి. రేకు మీద నేరుగా కాలు పెట్టకుండా పలక వేసుకుని దాని మీద నిలబడాలి.

దుకాణంలో ఏ ట్యూబు అడగాలి

సందులు మూసే పని కొత్తది కాదు. గోదావరి మీది కొయ్య పడవల వాళ్లు చెక్కల మధ్య దూది, పీచు కూరి గుగ్గిలం, నూనె కలిపి పూసేవాళ్లు. నీళ్లలో పడవ కదిలినా సందు తెరుచుకోకుండా ఉండాలి కదా. ఇప్పుడు దొరికే ట్యూబులు చేసేదీ అదే పని. అయితే అన్ని ట్యూబులూ ఒకటి కాదు. పెయింటు దుకాణంలో ఊరికే సిలికాన్ ట్యూబు ఇవ్వమంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఎక్కడ వాడుతున్నారో చెప్పి అడగాలి.

ఆక్రిలిక్ సీలెంట్: తెల్లగా ఉంటుంది. నీళ్లతో చేయి కడుక్కోవచ్చు. దీని మీద రంగు, సున్నం అంటుతాయి. ఇంటి లోపల ద్వారబంధం, కిటికీ చుట్టూ సందులకు, గోడ పగుళ్లకు మంచిది. నీళ్లు నిలిచే చోట, మిద్దె మీద వాడకూడదు.

సిలికాన్ సీలెంట్: బాగా సాగుతుంది, ఎండకు తట్టుకుంటుంది. దీని మీద రంగు అంటదు. ఇందులో రెండు రకాలున్నాయి. మూత తీయగానే వెనిగర్ లాంటి పుల్లటి ఘాటు వాసన వచ్చేది అసిటాక్సీ రకం. ఇది గాజుకు, నున్నటి టైల్సుకు బాగుంటుంది. సిమెంటు మీద, సున్నం మీద, నాపరాయి మీద పనికిరాదు. మన బండలు సున్నపురాయి జాతివి. పులుపు తగిలితే సున్నపురాయి పొంగినట్టే, ఈ ట్యూబులోని ఆమ్లం వల్ల పట్టు రాక ఊడిపోతుంది. ఇనుముకు తుప్పు కూడా పట్టిస్తుంది. ట్యూబు మీద న్యూట్రల్ అని రాసి ఉన్న రకమే సిమెంటుకూ, బండకూ వాడాలి.

పాలియురెథేన్ సీలెంట్: దుకాణాల్లో పి.యు. సీలెంట్ అంటారు. సిమెంటుకు, రాతికి, ఇనుముకు గట్టిగా పట్టుకుంటుంది, సాగుతుంది. స్లాబు పగుళ్లకు, బండల అతుకులకు ఇది తగినది. ఖరీదు మిగతా వాటి కన్నా ఎక్కువ. అందుకే నిజంగా కదిలే చోట, నీళ్లు పడే చోట మాత్రమే వాడుకోవాలి. గోడ మీది వెంట్రుక పగుళ్లకు దీన్ని ఖర్చు పెట్టడం దండగ.

ఎపాక్సీ పుట్టీ: ఎం-సీల్ అని అందరూ పిలిచే రెండు ముద్దల సరుకు. రెండూ సమంగా తీసుకుని, రంగు ఒకటయ్యేదాకా పిసికి పెట్టాలి. పైపు అతుకులకు, ట్యాంకు బీటలకు మంచిది. రాయిలా గట్టిపడుతుంది కాబట్టి కదిలే పగులుకు వాడకూడదు.

ఏ ట్యూబు కొన్నా దాని మీది తయారీ తేదీ, గడువు తేదీ చూడాలి. గడువు దాటినది లోపలే గట్టిపడి ఉంటుంది, లేదా వేసినా ఆరదు. చేత్తో నొక్కితే మెత్తగా ఉండాలి. ఎండలో పెట్టి అమ్మేవి కొనొద్దు. రేటు కంపెనీని బట్టి మారుతుంది. రెండు దుకాణాల్లో అడిగి, బిల్లు తీసుకోండి.

ఎంత పడుతుందో లెక్క వేసుకోండి

మామూలు ట్యూబులో 280 మిల్లీలీటర్ల దాకా సరుకు ఉంటుంది. పావు అంగుళం వెడల్పు, పావు అంగుళం లోతు ఉన్న సందుకు ఒక ట్యూబు సుమారు 23 అడుగులు వస్తుంది. అర అంగుళం వెడల్పు, పావు అంగుళం లోతు అయితే 11 అడుగులే వస్తుంది. ముందు సందులన్నీ తాడుతో కొలిచి రాసుకుంటే ఎన్ని ట్యూబులు కావాలో తెలుస్తుంది. ట్యూబు నొక్కే ఇనుప గన్ను ప్రతి ఇంటికీ కొనక్కర్లేదు. వీధిలో నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే అందరికీ సరిపోతుంది.

వేసే పద్ధతి

పని ఎండిన రోజునే చేయాలి. మే నెలలో ఉదయం పూట మేలు. నడి ఎండలో రాయి కాలిపోతుంటే సరుకు సరిగా పట్టదు, మనిషికీ వడదెబ్బ. సందులో తడి, దుమ్ము, పాత రంగు, నూనె జిడ్డు ఏదీ ఉండకూడదు. ఊడిపోయిన సీలెంట్లలో ఎక్కువ భాగం దుమ్ము మీద వేసినవే.

సందు లోతుగా ఉంటే అడుగుదాకా సీలెంటుతో నింపొద్దు. డబ్బు దండగే కాదు, పని కూడా చెడుతుంది. సీలెంటు సందు రెండు పక్కలకూ అంటుకోవాలి కానీ అడుగుకు అంటుకోకూడదు. సైకిలు ట్యూబు ముక్కను రెండు కొసలూ పట్టుకుని లాగితే సాగుతుంది. దాన్నే బల్లకు అతికించి లాగితే తెగుతుంది. ఇదీ అంతే. అందుకని ముందు సందు కన్నా కాస్త లావున్న ఫోము తాడు గానీ, సామాన్ల పెట్టెల్లో వచ్చే ఫోము షీటును పట్టీలుగా కోసి గానీ లోపలికి కూరాలి. బండల అతుకులో ఫోముకు చోటు ఉండదు కాబట్టి, ఆరిన మాలు మీద సన్నని ప్లాస్టిక్ టేపు పట్టీ అంటించి, దాని మీద సీలెంటు వేయాలి. గుడ్డ పేలికలు, గోనె పీచు కూరొద్దు, అవి తేమను పట్టి ఉంచుతాయి. అర అంగుళం వెడల్పు సందుకు పావు అంగుళం లోతు సీలెంటు చాలు.

ట్యూబు ముక్కును ఏటవాలుగా కోయాలి. రంధ్రం సందు వెడల్పు కన్నా చిన్నగా ఉండాలి. గన్నును ఒకే వేగంతో, ఆగకుండా నడపాలి. మధ్యలో గాలి బుడగలు పడితే అక్కడే కారుతుంది. వేసిన వెంటనే, పై పొర కట్టకముందే, సబ్బు నీళ్లలో ముంచిన చెంచా వెనక భాగంతో నొక్కుతూ నున్నగా చేయాలి. పి.యు. సరుకు చేతికి అంటితే తొందరగా వదలదు, తొడుగు వేసుకోవాలి. పైన పొర అరగంటలో కట్టినట్టు కనిపించినా లోపల ఆరడానికి టైము పడుతుంది. రోజుకు 2 లేక 3 మిల్లీమీటర్ల మందమే ఆరుతుంది. పావు అంగుళం మందానికి మూడు రోజులు తడి తగలనీయకూడదు, తొక్కకూడదు. పిల్లలు, కోళ్లు అటు పోకుండా చూసుకోవాలి.

మిగిలిన ట్యూబు ముక్కులో పొడుగు మేకు దించి, పైన టేపు చుట్టి నీడలో పెడితే కొన్నాళ్లు ఉంటుంది. సున్నం, సిమెంటు పని చేసేటప్పుడు కళ్లలో పడకుండా చూసుకోవాలి. పడితే నలపకుండా మంచినీళ్లతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పిట్టగోడ లేని మిద్దె మీద ఒక్కరే పని చేయొద్దు.

ఎలుక, పాము దూరే సందులు

పెన్సిలు దూరే సందులో చిట్టెలుక దూరుతుంది. సందు దగ్గర ఎలుక ఉంటే దాని వెనకాలే పాము వస్తుంది. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవాళ్లను కాటు వేస్తుంది. దాని కాటు నొప్పి లేకుండా ఉండడంతో నిద్రలోనే ప్రాణం మీదికి వస్తుంది. అనుమానం వస్తే మంత్రాలు, పసర్ల జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఎలుక కన్నాలకు ఒట్టి సీలెంటు వేస్తే కొరికి పారేస్తుంది. ముందు ఇనుప జాలీ ముక్క గానీ, గాజు పెంకులు గానీ కూరి, పైన సిమెంటు మాలుతో మూయాలి. స్నానాల గది తూముకు సన్న కన్నాల ఇనుప జాలీ బిగించాలి. కరెంటు తీగ, నీటి పైపు గోడలోంచి వచ్చే చోట సందు మూయాలి. కరెంటు తీగ దగ్గర పని చేసేటప్పుడు మెయిన్ ఆపాలి. తలుపు కింద సందు ఉంటే పాత టైరు ట్యూబును పట్టీగా కోసి తలుపు అడుగున మేకులతో కొడితే నేలకు ఆనుకుని మూసుకుంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

మూయకూడని సందులు

అన్నీ మూసేస్తే మంచిదనుకుంటే పొరపాటు. కట్టెల పొయ్యి ఉన్న వంటింటి కిటికీ, పొగగూడు, వెంటిలేటరు మూయరాదు. పొగ లోపలే తిరిగితే ఆడవాళ్ల ఊపిరితిత్తులు పాడవుతాయి. వెంటిలేటరుకు జాలీ కొడితే గాలి వస్తుంది, ఎలుక రాదు. పునాది గోడలో, ఎత్తు అరుగు గోడలో నీళ్లు బయటికి రావడానికి వదిలిన చిన్న కన్నాలు కూడా మూయొద్దు.

విత్తనం గది విషయంలో ఇంకో మాట. పురుగు కోసం అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టే అలవాటు కొందరికి ఉంది. దాని నుంచి వచ్చే వాయువు ప్రాణాంతకం. మనం మూశామనుకున్న గోడ సన్న పగుళ్లలోంచి కూడా అది పక్క గదిలోకి వెళుతుంది. మనుషులు పడుకునే ఇంట్లో ఆ బిళ్లలు ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు. మూటలు గోడకు అడుగు దూరంలో, నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చండి. కాయను చెవి దగ్గర ఊపితే గలగలమనాలి. ఎండ కాసే రోజు గది తెరిచి గాలి తగలనివ్వండి, ముసురు రోజుల్లో మూసి ఉంచండి.

చేతిలో డబ్బు తక్కువుంటే

అన్నీ ఒకేసారి చేయలేకపోతే వరస పెట్టుకోండి. మొదట, గోడ వాలడం, దూలం పుచ్చడం లాంటి ప్రాణానికి ముప్పు ఉన్నవి. రెండోది, విత్తనం, తిండిగింజలు ఉన్న గది పైకప్పు. మూడోది, పడుకునే గదిలో తలుపు సందు, తూము, ఎలుక కన్నాలు. నాలుగోది, కిటికీలు, ద్వారబంధాలు. గోడ మీది వెంట్రుక పగుళ్లు చివరికి, పండక్కి సున్నం కొట్టినప్పుడు చూసుకోవచ్చు.

చవుడు, సున్నం, పాత టైరు ట్యూబు, గాజు పెంకులతో అయ్యే పనికి ట్యూబు కొనొద్దు. ట్యూబు కావలసిన చోట మాత్రం సిమెంటు పాలతో సరిపెట్టొద్దు. జూన్ మొదటి పక్షంలో రుతుపవనాలు సీమను తాకుతాయి. సీలెంటు ఆరడానికి మూడు రోజులు, సిమెంటు తడపడానికి వారం, అది ఆరడానికి మరికొన్ని రోజులు కావాలి. కాబట్టి మే నెలాఖరులోగా మిద్దె పని ముగించుకుంటే, మొదటి వాన పడిన రాత్రి మూటలు జరపడానికి లేవాల్సిన అవసరం ఉండదు. తెల్లవారి పదును చూసుకుని నేరుగా పొలానికి పోవచ్చు.